ఊయల దిగని ఊరు

మా ఊరి ఆడవాళ్లమంతా పసిబిడ్డలమని ప్రభుత్వానికి తెలిసిన రోజున ఆ పసిబిడ్డలమంతా చీనీతోటలో నిచ్చెనలెక్కి బత్తాయికాయలు కోస్తున్నాం.

జీపు వచ్చి గట్టు పక్కన ఆగింది. కార్మికశాఖ ఇన్‌స్పెక్టరు దిగాడు. మేస్త్రీ కుళ్లాయప్ప తలగుడ్డ విప్పి ఎదురెళ్లాడు.

"నీ కింద ఏడాది నిండని పసికందులు ఇరవైమంది పనిచేయుచున్నట్లు మా కార్యాలయమునకు విదితమైనది. బాలకార్మిక నిషేధ చట్టము తెలుసునా?"

కుళ్లాయప్ప తోటంతా కలయజూశాడు. చెట్ల మీద మేము తప్ప ఇంకెవరూ లేరు.

"పసిబిడ్డలు యాడుండారు సార్?"

ఇన్‌స్పెక్టరు చేతిలోని ఫోను చూసి, తలెత్తి చెట్టు చూసి, పై నిచ్చెన మీదున్న ఓబుళమ్మ పెద్దమ్మను చూపించాడు. మా అందరిలోకీ పెద్దది ఆమే.

"అదిగో, ఆ బిడ్డ."

కుళ్లాయప్ప ఆమె వంక కాసేపు చూశాడు. "నోట్లో పండ్లు లేనిమాట నిజమే సార్. అయితే అవి రాక కాదు, వచ్చి పోయినాయి."

ఈ సమాధానం ఇన్‌స్పెక్టరు రాసుకోలేదు. ఆ రోజు కోత ఆగిపోయింది. పసిబిడ్డలమంతా బుట్టలు నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాం.

ఇదెలా జరిగిందో తెలియాలంటే మా బడి సంగతి చెప్పాలి.

ఊళ్లో సాయంత్రం పూట వయోజన విద్యాకేంద్రం నడిచేది. పక్క ఊరినుంచి సుభాషిణి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చి చదువు చెప్పేది. అచ్చులు, హల్లులు, గుణింతాలు అయిపోయాయి. ఇక ఒత్తులు మొదలుపెట్టాలి. నా ఆశంతా ఆ ఒత్తుల మీదే. చీనీకాయల పెట్టెల అడుగున పాత వారపత్రికలు పరుస్తారు. వాటిలో కథలుంటాయి. గుణింతాలతో కథలో సగం దూరం పోవచ్చు. ఒత్తు తగిలిందంటే మాత్రం బండి ఇసుకలో దిగబడినట్టే. ఒకావిడ రైలు దిగి ఎవరికోసమో వెతుకుతోందనే దాకా నాకు తెలుసు. ఎవరికోసమన్నది ఒత్తుల్లో ఉంది.

సరిగ్గా అప్పుడే శాఖవారికి పలకల మీద విరక్తి పుట్టింది. జిల్లా సమన్వయాధికారి పురుషోత్తంగారు స్వయంగా వచ్చి ఒక్కొక్కరికీ ఒక్కో ట్యాబు పంచారు.

"పలక అనునది గతము. ఇకమీదట అభ్యాసకురాలు ఆటలో జీవించును, జీవితమును ఆడును. ఈ ఆట పేరు జీవనవాహిని."

ఆటలో ప్రతి మనిషికీ ఒక బొమ్మ ఉంటుంది. ముందు ఊయలలో పసిబిడ్డగా ఉంటుంది. పాలు పట్టాలి, నీళ్లు పోయాలి, మధ్యలో అక్షరాలు వస్తే గుర్తుపట్టాలి. రెండు రోజులకోసారి బొమ్మకు పుట్టినరోజు వస్తుంది. ఏడాది వయసు పెరుగుతుంది. అలా పెద్దదై, ఇల్లు కట్టుకుని, ముసలిదై పోతుంది. మనం అరవై డెబ్భై ఏళ్లు పడి చేసే పనిని ఆ బొమ్మ ఆరు నెలల్లో ముగిస్తుంది.

దానితో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. మా వయసుల మీద శాఖకు నమ్మకం లేదు. అందులో వాళ్ల తప్పు లేదు. కార్డు ప్రకారం మా లచ్చుమికి ముప్పై నాలుగేళ్లు, లచ్చుమి కూతురికి ముప్పై ఆరు. మేమందరం జనవరి ఒకటో తేదీనే పుట్టాం. అందుకని ఇకమీదట బొమ్మ వయసే అభ్యాసకురాలి వయసుగా అన్ని శాఖలూ పరిగణించవలెనని ఉత్తర్వు.

మొదటి పుట్టినరోజు సాయంత్రం అందరి ట్యాబుల్లోనూ ఒక కేకు వచ్చింది. దాని మీద ఒక కొవ్వొత్తి. కింద "ఊదండి" అని అక్షరాలు.

"దీన్ని నోటితో ఊదితే ఆరిపోతుంది. ఆరితే మీ బొమ్మ ఏడాది పెద్దదవుతుంది" అంది సుభాషిణి.

అందరం నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నాం.

"ఏమన్నావు తల్లీ?" అంది ఓబుళమ్మ పెద్దమ్మ.

"ఊది ఆర్పాలి పెద్దమ్మా."

"వెలిగే దీపాన్ని, ఎంగిలి నోటితో, బిడ్డ పుట్టినరోజు పూట!"

"ఇది నిజం దీపం కాదు పెద్దమ్మా, బొమ్మ."

"దేవుడిదీ బొమ్మేగదమ్మా. కాలితో తంతావా?"

సుభాషిణి సాయిబులింటి మాబున్ని వంక ఆశగా చూసింది. మాబున్ని తల అడ్డంగా తిప్పింది. "మాదైనా మీదైనా ఒకటే టీచరమ్మా. దీపమారితే అందరికీ చీకటేగదా."

లచ్చుమి లేచి ఫ్యాను ఆపేసి వచ్చింది, గాలికి కొవ్వొత్తి ఎక్కడ ఆరుతుందోనని. మేమంతా ట్యాబులకు చేతులు అడ్డం పెట్టుకుని, దండం పెట్టుకుని, ఇళ్లకు పోయాం. రెండు రోజులకు రెండో కేకు వచ్చింది. దానికీ దండం పెట్టుకున్నాం.

కేకులు అలా పేరుకుపోయాయి. బొమ్మలు ఊయలలోనే ఉండిపోయాయి. నిజం చెప్పాలంటే మాకు అది బాగానే ఉంది. జ్వరం రాదు, అలగదు, పెళ్లి చేయమనదు. అలాంటి బిడ్డ ఎవరికి దొరుకుతుంది? అక్షరాలు మాత్రం ఒక్కటీ తప్పు పోనివ్వలేదు. ఊయలలోంచే మా బొమ్మలు గుణింతాలన్నీ అప్పజెప్పాయి. ఒత్తులు రాలేదు. అవి పదిహేనేళ్లు నిండిన బొమ్మలకేనట.

"టీచరమ్మా, ఆటను పక్కనబెట్టి పలక మీద చెప్పరాదా?" అని అడిగాను.

"పలకలు వెనక్కి పంపేశామక్కా. పలకతో చెబితే నా ఉద్యోగం పోతుంది."

పక్క మండలం కేంద్రాల్లో ఉత్సాహంగా ఊదారట. ఊది ఊది ఆరు నెలల్లో అందరూ తొంభై దాటారు. బొమ్మలు ఒక్కొక్కటే పోయాయి. శాఖవారు నిబంధన ప్రకారం సంతాపసభలు పెట్టారు. పోయినవాళ్లే వెళ్లి ముందు వరసలో కూర్చుని, రెండు నిమిషాలు మౌనం పాటించి, టీ తాగి వచ్చారు.

మేము ఆ గండం తప్పించుకున్నాం. కాకపోతే మాకు ఇంకో రకంగా వచ్చింది.

అంగన్‌వాడీ టీచరమ్మకు పైనుంచి ఆదేశం వచ్చింది. ఆమె ఏడుపుముఖంతో మమ్మల్ని తూకానికి పిలిచింది. పిల్లల్ని తూచే ఊయలగుడ్డలో లచ్చుమి కూర్చోగానే కొక్కెం విరిగింది. పక్కనున్న ధాన్యం కాటా మీద తూచి, "ఏడాది లోపు శిశువు, యాభై ఎనిమిది కిలోలు" అని పైకి రాసి పంపింది. పౌష్టికాహార పథకం ఇంత బాగా అమలైన ఊరు ఇంకోటి లేదని జిల్లానుంచి అభినందన వచ్చింది. రోజూ మనిషికో గుడ్డు ఇచ్చారు. చుక్కలమందు కూడా వేశారు. ఓబుళమ్మ పెద్దమ్మ చప్పరించి, "ఇంకో రెండు చుక్కలెయ్యమ్మే, తియ్యగుండాది" అంది.

ఆ తర్వాత లచ్చుమి మొగుడు నరసింహులును పోలీస్‌స్టేషన్‌కు పిలిచారు.

"పసిబిడ్డను పెళ్లి చేసుకున్నావా?" అన్నాడు ఎస్సై.

"చేసుకున్నప్పుడు పెద్దదే సార్. ఈ మధ్యనే తగ్గింది."

"బిడ్డను సరిగ్గా చూసుకుంటున్నావా?"

"నన్నెవరు చూసుకుంటాండారు సార్? నిన్న చీపురు తిరగేసి కొట్టింది."

ఎస్సై పక్కనున్న రైటరు వైపు తిరిగాడు. "రాసుకో. ప్రమాదకరమైన వస్తువులను బిడ్డకు అందునట్లు ఉంచుట."

నరసింహులు ఇంటికొచ్చి చీపురును అటక మీద పెట్టాడు. లచ్చుమి నిచ్చెన వేసుకుని తీసుకుంది.

చీనీతోటలో కోత ఆగింది కూడా ఆ వారమే. అంతవరకూ నవ్వుకున్నాం. కూలి ఎలాగూ పక్క ఊరి తోటల్లో దొరికింది. అక్కడ మేము పసిబిడ్డలమని ఇంకా తెలియదు. కానీ ఒక సాయంత్రం బడికి వెళితే తలుపుకు తాళం ఉంది. సుభాషిణి అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. పక్కన పురుషోత్తంగారు నిలబడి ఉత్తర్వు చదివారు.

"ఈ గ్రామమునందు అభ్యాసకులందరూ శిశువులేనని రూఢియైనది. వయోజనులే లేని గ్రామమునందు వయోజన విద్యాకేంద్రము నిరర్థకము. కావున తక్షణమే మూసివేయడమైనది."

"మా ఒత్తులో సార్?" అన్నాను.

"ఒత్తులు వయోజనులకు."

"మేము వయోజనులమే గదా సార్. సూడండి మమ్మల్ని."

ఆయన మమ్మల్ని చూడలేదు, ఫోను చూశారు. "చూచితిని. ఊయలలోనే యున్నారు."

సుభాషిణి లేచి, "వీళ్ల బొమ్మలు పెద్దవైతే తెరుస్తారా సార్?" అని అడిగింది.

"అభ్యంతరం లేదు. కొవ్వొత్తులు ఆర్పవలెను."

"ఆర్పం" అన్నారు ఇరవైమందీ.

పురుషోత్తంగారు కాసేపు ఆలోచించారు. మంచి మనసుతోనే ఒక ఉపాయం చెప్పారు. "మీలో భర్తృహీనులెవరైనా యున్నచో వారిచేత ఆర్పించవచ్చును. వారికి కొత్తగా కలుగు నష్టమేమియు ఉండదు గదా."

అందరూ నావైపు చూడకుండా ఉండడానికి తలా ఒక దిక్కు చూశారు. నేనొక్కదాన్నే ఆయన వైపు చూశాను. నాకు ఒత్తులు కావాలి. ఊదుదామనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఓబుళమ్మ పెద్దమ్మ అందుకుంది.

"ఏం సార్, మొగుడు పోయినోళ్లు ఇంట్లో దీపం పెట్టుకోరా? చీకట్లో కూచోని సంగటి తింటారా? దాని దీపం మా దీపం లెక్క కాదా?"

"నేను నిబంధన..."

"నీ నిబంధన నీ జోబీలో పెట్టుకో. అది ఊదదు. మేమూ ఊదం."

ఆయన జీపెక్కి వెళ్లిపోయారు. మేము అరుగు మీదే కూర్చున్నాం.

"ఊదద్దు సరే. మరి బడెట్ల పెద్దమ్మా?" అన్నాను.

ఓబుళమ్మ పెద్దమ్మ వక్క నములుతూ ఉండిపోయింది. తర్వాత, "గాలికి దీపమారితే ఎవరిది తప్పు?" అంది.

"గాలిది" అంది మాబున్ని.

"మనం ఊదినట్టా?"

"ఎట్లయితాది?"

మరుసటి రోజు మధ్యాహ్నం ఇరవైమందిమీ ట్యాబులు ఒడిలో కట్టుకుని, గంపల్లో పెట్టుకుని గాలిమరల గుట్ట ఎక్కాం. కరెంటు కోసం పెట్టిన ఆ పెద్ద రెక్కలు తిరిగేచోట మనిషి నిలదొక్కుకోవడమే కష్టం. సుభాషిణి కూడా వచ్చింది. పైకెళ్లాక మమ్మల్ని వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పింది.

"కేకులు నూటికి పైగా పేరుకుపోయాయి. అన్నీ ఒకటే ఊపున ఆరిపోతాయి. పదిహేను దాటగానే కొంగు కప్పేయండి. కప్పకపోతే ముసలివాళ్లయి పోతారు. పోయారంటే మళ్లీ బడి లేదు."

"పోతే టీ ఇస్తారంట గదమ్మా" అంది ఓబుళమ్మ పెద్దమ్మ.

ట్యాబులు గాలికి పట్టాం. గాలి ఊదింది. ఒక కొవ్వొత్తి ఆరింది, రెండోది, మూడోది. బొమ్మలు ఊయల దిగాయి, పాకాయి, నడిచాయి, పరికిణీలు కట్టాయి. చూస్తూ ఉండగానే జడలు పొడుగయ్యాయి.

"కప్పండి, కప్పండి!" అని సుభాషిణి అరిచింది.

కొంగు తీస్తే గాలికి ఎగిరిపోతుంది. పట్టుకుంటే ట్యాబు జారుతుంది. గుట్ట మీద ఇరవైమంది ఆడవాళ్లం కొంగులతో గాలితో పెనుగులాడాం. లచ్చుమి పందొమ్మిది దగ్గర గట్టిగా కప్పేసి, ట్యాబు మీద బోర్లా పడుకుంది. "సావనన్నా సస్తాను, ఇంక ఒక్క ఏడు పెరగను" అంది. మాబున్ని యాభై దాకా పోయి, అల్లా అని అరిచి, రాయి చాటున దూరింది. ఓబుళమ్మ పెద్దమ్మ కొంగు ఎక్కడో ముళ్లకంపకు చిక్కుకుంది. ఆమె బొమ్మ అరవై దాటింది, డెబ్భై దాటింది. కర్ర పట్టుకుంది. నేనూ సుభాషిణీ పరిగెత్తి, ఆమె ట్యాబు మీద నా గంప బోర్లించాం. తీసి చూస్తే ఎనభై తొమ్మిది.

"బతికుండానా?" అంది పెద్దమ్మ.

"ఉండావు."

"అయితే సరే."

నా బొమ్మను ముప్పై ఒకటి దగ్గర ఆపుకున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ బొమ్మ ఇంటి వాకిట్లో రెండు జతల చెప్పులున్నాయి.

ఇక బడి తెరుస్తారని సంతోషంగా దిగి వచ్చాం. మరుసటి రోజు పురుషోత్తంగారు వచ్చిన మాట నిజమే. కానీ తాళంచెవి జేబులోంచి తీయలేదు. జీపులోంచి దిగుతూనే తల పట్టుకున్నారు.

"ఎంత పని చేసితిరి! ముసలితనముగానీ మరణముగానీ లేని ఏకైక గ్రామముగా మిమ్ములను రాష్ట్రస్థాయి పురస్కారమునకు ఎంపిక చేసియున్నారు. శనివారము మంత్రిగారు వచ్చి ఊయలలూపుటకు కార్యక్రమము ఖరారైనది. ఇరవై ఊయలలు అద్దెకు తెప్పించితిని. ఒక్క మధ్యాహ్నములో గ్రామము మొత్తము ముసలిదైపోయినచో నేనేమి జవాబు చెప్పవలెను?"

"మీరే గదా సార్, పెద్దోళ్లయితే బడి తెరుస్తామంటిరి" అన్నాను.

"అది పాత పరిస్థితి."

ఆయన ట్యాబు తీసి మాకు ఒక కొత్త గుర్తు చూపించారు. అగ్గిపుల్ల. వయసు నియంత్రణ కోసం అధికారులకు ఇచ్చిన ప్రత్యేక వసతి అట. దాన్ని నొక్కితే ఆరిన కొవ్వొత్తి మళ్లీ వెలుగుతుంది. ఒక్కో దీపానికి ఒక ఏడు తగ్గుతుంది.

"మీ అభ్యంతరము ఆర్పుటకు గదా. ఇప్పుడు వెలిగించమనుచున్నాను. దీపము వెలిగించుట శుభమా, కాదా?"

దీపం వెలిగించమంటే కాదనే ఆడది ఎక్కడుంది? కానీ వెలిగిస్తే మళ్లీ ఊయల. బడికి మళ్లీ తాళం.

"ముందు నువ్వు వెలిగించమ్మా" అని ఆయన ట్యాబు నా ముందు పెట్టారు.

"నేను భర్తృహీనురాలిని గదా సార్. మంత్రిగారొచ్చే శుభకార్యం. నా చేత వెలిగిస్తారా?"

ఆయన చటుక్కున ట్యాబు వెనక్కి లాక్కున్నారు. లచ్చుమి ముందు పెట్టారు. లచ్చుమి తాను ముట్టులో ఉన్నానంది. మాబున్ని, అడగకముందే, తానూ అంతేనంది. ఓబుళమ్మ పెద్దమ్మ కూడా తానూ అంతేనంది. ఎనభై తొమ్మిదేళ్ల బొమ్మ వంక, ఆమె వంక ఆయన మార్చి మార్చి చూశారు గానీ ఆడవాళ్ల సంగతి కాబట్టి ఏమీ అనలేకపోయారు.

"ఇందులో భయపడుటకేమున్నది? చూడుడు, నేనే చేసి చూపెదను."

అధికారులకూ ఆటలో వాళ్ల అసలు వయసుతో ఒక్కో బొమ్మ ఉంటుంది. ఆయన తన బొమ్మను తెరిచారు. కళ్లద్దాలు, బట్టతల, అరవై ఒకటి. రెండు నెలల్లో పదవీ విరమణ. అగ్గిపుల్ల నొక్కారు. కొవ్వొత్తి వెలిగింది. అరవై.

"చూచితిరా, ఏమియు కాలేదు."

సుభాషిణి మెల్లగా అడిగింది. "సార్, బొమ్మ వయసే అసలు వయసని ఉత్తర్వుందిగదా. అయితే మీ రిటైర్మెంటు ఏడాది వెనక్కి పోయినట్టేనా?"

ఆయన అటూ ఇటూ చూశారు. జీపు డ్రైవరు నిద్రపోతున్నాడు. ఆయన వేలు మళ్లీ అగ్గిపుల్ల మీదికి వెళ్లింది.

యాభై ఐదు దగ్గర మీసం సవరించుకున్నారు. నలభై ఐదు దగ్గర పొట్ట లోపలికి పీల్చారు. బొమ్మకు జుట్టు మొలుస్తుంటే తన తల తడుముకుని చూసుకున్నారు. ముప్పై దగ్గర ఒక్క గెంతులో అరుగెక్కి కూర్చున్నారు.

"చాలు సార్" అంది సుభాషిణి.

"ఇంకొక్కటి" అన్నారాయన.

ఎవరికైనా అక్కడ ఆపుకోవడం కష్టమే. ఇరవై ఐదు, ఇరవై. బొమ్మకు మీసం పోయింది. అప్పుడు కంగారుపడి వేలు తీయబోయి, చెమటకు జారి, గట్టిగా నొక్కేశారు. బొమ్మ నిక్కరు వేసుకుంది, పాకింది, ఊయలెక్కింది. ట్యాబులోంచి కేర్‌మని ఏడుపు వినబడింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. నేనే కూడబలుక్కుని చదివాను. ఒత్తులున్నచోట సుభాషిణి అందించింది. "ఈ పరికరమును పెద్దలు మాత్రమే ఉపయోగించవలెను."

ఇంకెన్ని నొక్కినా కదల్లేదు. అంతలో ఆయన ఫోను మోగింది. జిల్లా కార్యాలయం నుంచి. శిశువుకు అధికార బాధ్యతలు ఉండవు కాబట్టి వేరొకరిని ఇన్‌చార్జిగా వేశామనీ, గుడ్డు ఏ అంగన్‌వాడీలో తీసుకుంటారో తెలపవలెననీ అన్నారు.

ఆయన ఫోను దించి అలాగే కూర్చున్నారు. సుభాషిణి ఆయన పక్కన కూర్చుంది. ఎంతో మర్యాదగా అడిగింది.

"సార్, ఇప్పుడు మీ వయసెంత?"

"సున్నా."

"అంటే ఎప్పుడు పుట్టినట్టు?"

"ఈ దినముననే."

"కేంద్రం మూసేస్తూ ఉత్తర్వు మీద సంతకం ఎప్పుడు చేశారు?"

"మొన్న."

"పుట్టకముందు చేసిన సంతకం నిబంధన ప్రకారం చెల్లుతుందా సార్?"

పురుషోత్తంగారు చెడ్డమనిషి కాదు. ముప్పై ఐదేళ్లు నిబంధనల్లో బతికినవాడు. కళ్లు మూసుకుని నిబంధనలన్నీ మనసులో తిరగేసి, చివరికి నీరసంగా తల ఊపారు.

"చెల్లదు."

జేబులోంచి తాళంచెవి తీసి ఆయనే ఆమె చేతిలో పెట్టారు.

బడి తెరిచాం. ట్యాబులన్నీ మూలన పేర్చాం. సుభాషిణి ఎక్కడినుంచో సుద్దముక్క సంపాదించింది. బోర్డు మీద క రాసింది. దానికింద ఇంకో చిన్న క వేలాడదీసింది. ఇరవైమందిమీ నోళ్లు తెరుచుకుని చూశాం. ఇంత చిన్నదానికోసమా నేను గుట్ట ఎక్కి దిగింది?

గుమ్మం దగ్గర అలికిడైంది. ఎండ ఎక్కువగా ఉందనీ, కాసేపు లోపల కూర్చుంటాననీ పురుషోత్తంగారు అడుగుతున్నారు. సుభాషిణి చాలా బాధపడింది. కానీ ఏం చేస్తుంది? పదిహేనేళ్లు నిండనివారికి లోనికి ప్రవేశము లేదని తాళం వేసిన రోజున ఆయనే గోడమీద రాయించారు. ఊయలెక్కిన బొమ్మకు రెండు రోజులకో ఏడు చొప్పున ఇంకో నెల ఆగాలి.

ఆయన అరుగు మీదే కూర్చుని ఫోనులో ఎవరికో మొరపెట్టుకోవడం మొదలుపెట్టారు. గొంతు రానురాను పెద్దదైంది. మేము క కింద క రాసుకుంటున్నాం.

ఓబుళమ్మ పెద్దమ్మ తలెత్తకుండానే అంది.

"ఎవరన్నా పోయి ఆ బిడ్డనెత్తుకోండమ్మే. ఏడుస్తాండాడు."